కొత్త మోడల్ స్పోర్ట్స్ కారు: తొలి ఏడాదిదే కొనాలా, ఆగాలా?

పోయిన శనివారం పొద్దున్నే మా తోడల్లుడి ఫోన్. "అన్నయ్యా, 2020 కార్వెట్ సీ8 ఒకటి దొరికింది. ఎర్ర కారు, 24 వేల మైళ్లు తిరిగింది. 2023ది కొనాలంటే ఇంకా బోలెడు పెట్టాలి, చూడటానికేమో రెండూ ఒకేలా ఉన్నాయి. వెళ్లి చూసొద్దామా?"

వెళ్లాం. కార్వెట్ అమెరికన్ స్పోర్ట్స్ కారు, సీ8 అంటే దాని ఎనిమిదో తరం, 2020 ఆ తరానికి తొలి ఏడాది. డాలస్‌కి గంట దూరంలో వాడిన కార్లు అమ్మే చోటు. డ్రైవర్ డోరు తెరిచి, పక్కనున్న స్టిక్కరు మీద తయారైన నెల చూశాను. 2020 జూన్. కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ ఫ్యాక్టరీ కొవిడ్ వల్ల దాదాపు రెండు నెలలు మూతపడి, మే చివర్లో మళ్లీ తెరిచిన కొత్తలో బయటికొచ్చిన బండి అన్నమాట. అంతకుముందు 2019లో కార్మికుల సమ్మె వల్ల తయారీయే 2020 ఫిబ్రవరికి జరిగింది. అలా మొదలైందో లేదో లాక్‌డౌన్ వచ్చిపడింది. పురిట్లోనే ఇన్ని గండాలు దాటిన మోడల్ ఇంకొకటి ఉందో లేదో.

కారు మాత్రం కడిగిన పండు మిరపకాయలా మెరిసిపోతోంది. మావాడు అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుని, ఫోన్లో ఫొటో తీసి మా మరదలికి పంపేశాడు. "ఏమంటారన్నయ్యా?"

నేనన్నది ఇదే: తొలి ఏడాది కారు కొత్తగా కొంటే రిపేరు ఖర్చు కంపెనీది. అదే కారు ఐదేళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఆ ఖర్చంతా నీది. చాలామంది దీన్ని తిరగేసి ఆలోచిస్తారు. షోరూమ్‌లో కొత్త మోడల్ చూసి "అమ్మో, తొలి ఏడాది" అని జంకుతారు. ఐదేళ్లాగి, ధర తగ్గింది కదా అని అదే తొలి ఏడాది బండిని ధీమాగా కొంటారు. నేనైతే మొదటిది అప్పుడప్పుడు చేస్తాను, రెండోది దాదాపు ఎప్పుడూ చేయను.

హైదరాబాద్, విజయవాడల్లో ఉండి చదువుతున్నవాళ్లకు ఒక మాట. కార్వెట్‌ని షెవర్లే బ్రాండు కింద తయారుచేసే జనరల్ మోటార్స్ 2017 చివర్లోనే మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. కాబట్టి ఈ లెక్కలన్నీ అమెరికావి. గరాజ్‌లో ఒక క్యామ్రీయో టెస్లాయో ఉండి, పక్కన సరదాకి రెండో కారు పెట్టుకుందామనుకునే మనవాళ్ల కోసం రాస్తున్నాను.

ఇంతకీ ఏది కొత్త?

తొలి ఏడాది మోడళ్లన్నిటినీ ఒకే గాటన కట్టేయకూడదు. పేరు కొత్తదైనంత మాత్రాన లోపలున్నదంతా కొత్తదని కాదు. 

టయోటా జీఆర్ సుప్రా సంగతే చూడండి. 2020 మోడల్‌గా వచ్చినప్పుడు పేరుకి అది పూర్తిగా కొత్త కారు. లోపలి 3 లీటర్ల ఇంజిన్ మాత్రం బీఎమ్‌డబ్ల్యూ వాళ్ల బీ58. అది 2015 నుంచి వాళ్ల సెడాన్లలో తిరుగుతూనే ఉంది. 8 గేర్ల ఆటోమేటిక్ కూడా జెడ్‌ఎఫ్ కంపెనీది, అప్పటికే బాగా నలిగిన సరుకు. తొలి ఏడాది సుప్రా కొన్నవాళ్లను ఏడిపించింది రిపేర్లు కాదు, మరుసటి ఏడాది మోడల్. 2020లో 335 హార్స్‌పవర్ ఉన్న ఇంజిన్ 2021లో 382 అయింది! 47 గుర్రాలు ఎక్కువ. ముందు పరిగెత్తి కొన్నవాళ్లు పళ్లు కొరుక్కున్నారు. తొలి ఏడాది నష్టం అంటే ఎప్పుడూ పొగ, టో ట్రక్కే అనుకోనక్కర్లేదు. ఇలాంటి కడుపుమంట కూడా ఒకటుంటుంది.

కార్వెట్ సీ8 కథ వేరు. అందులో 6.2 లీటర్ల ఎల్‌టీ2 ఇంజిన్ పాత తరం ఎల్‌టీ1కి తమ్ముడి లాంటిది. కొత్తదేదంటే గేర్‌బాక్స్. ట్రెమెక్ కంపెనీ చేసిన 8 గేర్ల డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే రకం), కార్వెట్‌కి మొట్టమొదటిది. పైగా ఇంజిన్ డ్రైవరు వెనక్కి వెళ్లింది కాబట్టి కూలింగ్, వైరింగ్ అన్నీ కొత్తగా వేసుకోవాల్సి వచ్చింది. మరి జబ్బు ఎక్కడ పడింది? ఎక్కువగా గేర్‌బాక్స్ దగ్గరే. లోపల ఒక సెన్సరు మొరాయిస్తే మొదట్లో డీలర్లు దాన్ని విప్పి బాగుచేసేవారు కాదు, గేర్‌బాక్స్ మొత్తం మార్చేసేవారు. కొత్తది వచ్చేదాకా కారు లిఫ్టు మీదే వేలాడేది. ఇంజిన్ల విషయంలో తొలి బ్యాచ్ కార్లు కొన్నిటిలో వాల్వ్ స్ప్రింగులు విరిగాయి. డిజైన్‌లో లోపం లేదు. స్ప్రింగుల తయారీలోనే తేడా వచ్చింది.

ఇంజినే కొత్తదైతే ఏమవుతుందో పోర్షా 911 జీటీ3 చూపించింది. 2014 మోడల్ జీటీ3కి కొత్త 3.8 లీటర్ల ఇంజిన్ పెట్టారు. 475 హార్స్‌పవర్, 9,000 ఆర్‌పీఎమ్ (అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు). 2014 ఫిబ్రవరిలో యూరప్‌లో రెండు కార్లు తగలబడ్డాయి. పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్ దగ్గర ఒక స్క్రూ వదులై, ఇంజిన్ కింది పెట్టెని (క్రాంక్‌కేస్) చితక్కొట్టి, ఆయిల్ కారి మంటలు లేచాయని తేలింది. పోర్షా ఏం చేసింది? అప్పటికి తయారైన 785 కార్ల ఓనర్లందరికీ కారు కదిలించొద్దని చెప్పి, 785 ఇంజిన్లూ మార్చేసింది. తర్వాతి ఏళ్లలో వాల్వుల దగ్గర ఫింగర్ ఫాలోయర్లు (వాల్వులను నొక్కే చిన్న మీటలు) అరిగిపోతున్నాయని తెలిశాక అమెరికాలో ఆ ఇంజిన్‌కి వారంటీని 10 ఏళ్లు లేదా 120,000 మైళ్లకు పెంచింది. కారు తగలబడిన కంపెనీని మెచ్చుకోవడం ఏమిటంటారేమో గానీ, కొనేవాడు చూడాల్సింది ఇదే. తప్పు అందరికీ జరుగుతుంది, జరిగాక బిల్లు ఎవరు కట్టారన్నదే లెక్క.

మామూలు కార్ల కంటే స్పోర్ట్స్ కార్లలో ఈ గొడవ ఎందుకు ఎక్కువంటే, పొరపాటుకి చోటు తక్కువ. 9,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో పిస్టన్ సెకనుకు 300 సార్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. ఆ పిస్టన్‌ని పట్టుకున్న బోల్టు బిగింపులో రవ్వంత తేడా ఉన్నా, ఆఫీసుకెళ్లే సెడాన్‌లో అది ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. ఇక్కడ ఒక్క మధ్యాహ్నంలో బయటపడుతుంది. పైగా కంపెనీ ఎన్ని టెస్ట్ కార్లు నడిపినా, వేలాది కార్లు జనం చేతుల్లోకి వెళ్లి టెక్సస్ ఆగస్టు ఎండలోనూ మిషిగన్ జనవరి చలిలోనూ తిరగడం మొదలయ్యాకే కొన్ని లోపాలు కనిపిస్తాయి.

అందుకే నాకు ఒక సొంత కొలత ఉంది. ఇంజిన్, గేర్‌బాక్స్, ఎలక్ట్రానిక్స్: ఈ మూడింటిలో రెండు కొత్తవైతే ఆగుతాను. ఒక్కటే కొత్తదైతే వారంటీ కాగితం చదువుతాను. ఏదీ కొత్తది కాకపోతే, సుప్రాలాగా, వచ్చే ఏడాది ఏం పెంచుతారో అన్న గుబులు తప్ప పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. సీ8లోనే ఎక్కువ పవర్ ఉన్న రకం, 2023 కార్వెట్ జెడ్06ని ఈ కొలతతో చూడండి. కారు, గేర్‌బాక్స్ అప్పటికే మూడేళ్లు రోడ్డు మీద నలిగాయి. 5.5 లీటర్ల ఎల్‌టీ6 ఇంజిన్ మాత్రం సరికొత్తది: 670 హార్స్‌పవర్, 8,600 ఆర్‌పీఎమ్. నా లెక్కలో ఇది "కాగితం చదివి కొనొచ్చు" రకం.

అనుకోనిచోట తెగేవి

పెద్ద భాగాల గురించి ఇంత చెప్పాను గానీ, చాలాసార్లు పరువు తీసేది చిన్న వస్తువే. ఫెరారీ 458 ఇటాలియా 2010లో వరసగా మంటలు అంటుకుంటే కారణం ఏమిటనుకున్నారు? చక్రం పైన ఉండే హీట్ షీల్డ్‌ని అతికించిన జిగురు. వేడికి అది కరిగి అంటుకునేది. 1,248 కార్లు వెనక్కి పిలిచి, జిగురు తీసేసి రివెట్లు కొట్టారు. అంత ధర పెట్టి కొన్న కారుకి!

సీ8లో ముందున్న డిక్కీ మూత దారిలో తెరుచుకుని అద్దం మీదికి లేచింది. డ్యాష్‌బోర్డు హెచ్చరిస్తున్నా పట్టించుకోనివాళ్లూ, జేబులో కీ బటన్ నొక్కుకుపోయినవాళ్లూ ఉన్నారు. రీకాల్‌లో సాఫ్ట్‌వేర్ మార్చారు. ఇప్పుడు మూత సరిగా పడకపోతే కారు గంటకు 26 మైళ్లు దాటదు. బ్రేక్ బూస్టర్ సెన్సరుకి ఇంకో రీకాల్ వచ్చింది, అదీ సాఫ్ట్‌వేర్‌తోనే సరిచేశారు.

వేడి సంగతి వేరేగా చెప్పాలి. ట్రాక్ మీద నడపాలని కొనేవాళ్లకు తొలి ఏడాది కార్లు పెట్టే ప్రధానమైన ఇబ్బంది ఇదే. ఫోర్డ్ షెల్బీ జీటీ350 2016లో వచ్చినప్పుడు కింది వేరియంట్లకు గేర్‌బాక్స్ కూలరు, డిఫరెన్షియల్ కూలరు ఇవ్వలేదు. ట్రాక్ మీద కొన్ని రౌండ్లకే కారు తనంతట తానే పవర్ తగ్గించుకుని లింప్ మోడ్‌లోకి పోయేది. 2017 మోడల్‌కి అన్నిటికీ ఆ కూలర్లు పెట్టారు, 2016 వాళ్లు కోర్టుకెక్కారు. సీ8కి ముందు తరం కార్వెట్, సీ7లోని జెడ్06ది కూడా అదే తీరు. 2015లో 650 హార్స్‌పవర్ సూపర్‌ఛార్జ్‌డ్ ఇంజిన్‌తో వచ్చి ట్రాక్ మీద వేడెక్కిపోయింది, 2017కి గాలి బయటికి పోయే దారులు పెంచి బానెట్ మార్చారు. మీరు ట్రాక్ మొహం చూడరనుకుంటే ఇదంతా పక్కన పెట్టేయొచ్చు. చూసేవాళ్లయితే మూడో ఏడాది దాకా ఆగడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

వారంటీ కాగితం

షెవర్లే కొత్త కారుకి మొత్తం మీద 3 ఏళ్లు లేదా 36,000 మైళ్లు, ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు. ఏది ముందయితే అది. పోర్షా అన్నిటికీ కలిపి 4 ఏళ్లు లేదా 50,000 మైళ్లు. ఈ గడియారం మొదటి ఓనరు కారు తీసుకున్న రోజున మొదలవుతుంది. మావాడు చూసిన ఎర్ర కారు 2020లో రోడ్డెక్కింది కాబట్టి 2025తో 5 ఏళ్లూ నిండిపోయాయి. మీటరు మీద 24 వేల మైళ్లే ఉన్నాయన్న సంబరం దానికి పనికిరాదు. ఇప్పుడు గేర్‌బాక్స్ పోతే బిల్లు ఐదంకెల డాలర్లలో వస్తుంది. 2023 కారుకైతే అదే గేర్‌బాక్స్ రక్ష 2028 దాకా ఉంటుంది. రెండు కార్ల ధరల మధ్య తేడా ఎందుకుందో ఇప్పుడు మావాడికి అర్థమైంది. పోర్షా పెంచిన 10 ఏళ్ల వారంటీ అయినా అంతే. 2014లో అమ్ముడైన జీటీ3కి 2024తో అదీ ముగిసింది.

ఇంకో మెలిక ఉంది. 2023 జెడ్06 కొని ఏడాదిలోపు అమ్మేస్తే కొన్ని వారంటీలు కొత్త ఓనరుకి బదిలీ కావని జనరల్ మోటార్స్ షరతు పెట్టింది. లాభానికి కొని వెంటనే అమ్మేవాళ్లను ఆపడానికి. కాబట్టి ఆ ఏడాది జెడ్06 సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే మొదటి ఓనరు ఎప్పుడు కొన్నాడు, ఎప్పుడు అమ్మాడు అన్న తేదీలు అడగండి. నిసాన్ జీటీ-ఆర్ 2009 మోడల్‌గా 2008లో అమెరికాకి వచ్చినప్పుడు ఇలాంటి సన్న అక్షరాలే జనాన్ని ముంచాయి. లాంచ్ కంట్రోల్ (ఆగినచోటి నుంచి ఒక్కసారిగా దూసుకెళ్లే ఏర్పాటు) కోసం, కారు జారకుండా చూసే స్టెబిలిటీ సిస్టమ్ ఆపేసి నడిపితే, పోయిన గేర్‌బాక్స్‌కి వారంటీ వర్తించదన్నారు. తర్వాత ఆ సాఫ్ట్‌వేర్నే మార్చారు.

డబ్బు కంపెనీ పెట్టుకున్నా, పోయే రోజులు మాత్రం మనవే. తొలి ఏడాది కారు కొత్తగా కొంటే ఇది ఒప్పుకుని కొనాలి. విడిభాగం గోడౌన్లో లేక నెల రోజులు సర్వీస్ సెంటర్లో పడుండొచ్చు. ఇంట్లో వేరే కారు లేనివాళ్లు ఈ పని పెట్టుకోవద్దు. ప్రతి షెవర్లే డీలర్ దగ్గరా కార్వెట్ మీద చెయ్యి తిరిగిన టెక్నీషియన్ ఉండడు. కొనే ముందే "మీ దగ్గర ఎందరున్నారు?" అని అడగండి. అమ్మే కుర్రాడిని కాదు, సర్వీస్ కౌంటర్లో అడగాలి. కారు ఇచ్చిన ప్రతిసారీ ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ ఉన్న రిపేర్ ఆర్డర్ కాగితం తీసుకోండి. టెక్సస్ లెమన్ లాలో (మాటిమాటికీ చెడిపోయే కొత్త కారు కొన్నవాళ్లను కాపాడే చట్టం) ఒక లెక్క ప్రకారం, మొదటి 24 నెలలు లేదా 24,000 మైళ్లలో కారు మొత్తం 30 రోజులు షెడ్డులోనే ఉంటే మీ కేసుకి బలం వస్తుంది. రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి, కాగితాలు లేకపోతే మాత్రం ఎక్కడా నిలబడదు.

మరి దేనికి ఓటు?

డబ్బు చేతిలో ఉంది, రెండో కారుగానే వాడతాను, స్టిక్కరు ధరకే (కంపెనీ కారు మీద అంటించిన ధర) ఇస్తున్నారు అంటే తొలి ఏడాది కొత్త కారు కొనండి, నేను వద్దనను. స్టిక్కరు మీద పది, ఇరవై వేలు అదనంగా అడిగితే మాత్రం లేచి వచ్చేయండి. సీ8 59,995 డాలర్లని ప్రకటించాక ఆ ధరకు దొరక్క ఎందరు ఎంత పైన కట్టారో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనే చూశాం. ఆ అదనపు సొమ్ముకి ఏ వారంటీ లేదు.

సెకండ్ హ్యాండ్ అయితే సీ8లో 2022, 2023 వైపు చూడండి. తొలి ఏళ్ల పాఠాలు అప్పటికి ఫ్యాక్టరీకి చేరాయి, వారంటీ కూడా కొంత మిగులుతుంది. 2026లో లోపలి డ్యాష్‌బోర్డు మొత్తం మార్చి, డ్రైవరుకీ పక్క సీటుకీ మధ్యన గోడలా ఉండే ఆ బటన్ల వరస తీసేశారు. ఆ గోడ నచ్చక ఆగినవాళ్లు ఇప్పుడు సంతోషపడుతున్నారు. నాకైతే ఆ గోడే ఇష్టం, అది వేరే సంగతి.

ఇంకో దారి చాలామందికి తట్టదు. పాత తరం ఆఖరి ఏడాది. 2019 కార్వెట్ సీ7 గ్రాండ్ స్పోర్ట్‌లో జెడ్06 వెడల్పు బాడీ ఉంది, సూపర్‌ఛార్జర్ తలనొప్పి లేదు, 460 హార్స్‌పవర్ ఎల్‌టీ1 ఇంజిన్ 2014 మోడల్ నుంచి నలుగుతున్నదే. దీనికి కూడా ఫ్యాక్టరీ వారంటీ అయిపోయింది, నిజమే. కానీ దీని జబ్బులన్నీ ఊరందరికీ తెలిసినవి: చక్రాల రిమ్ములకు పగుళ్లు, 8 గేర్ల ఆటోమేటిక్‌లో వణుకు. 7 గేర్ల మాన్యువల్ తీసుకుంటే ఆ రెండో బాధ కూడా ఉండదు. సీ8లో మాన్యువల్ అసలు లేనే లేదు.

ఇంతకీ ఆ ఎర్ర కారు

అంతా విన్నాక కూడా మావాడి మనసు ఆ కారు మీదే. సరే, చూద్దామన్నాను. అప్పుడే కడిగి, స్టార్ట్ చేసి, వేడి చేసి పెట్టారు. వేడి ఇంజిన్ ఏ రహస్యమూ చెప్పదు. "పొద్దున మేమొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే అడగాల్సింది, ఆ తప్పు మాదే. విన్ నంబర్లో (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబర్) పదో అక్షరం ఎల్. 2020 మోడల్ అని అర్థం. 2021కి ఎమ్, 2022కి ఎన్, 2023కి పీ. అమ్మేవాళ్లు నోటితో చెప్పే ఏడాది కంటే ఇది నమ్మదగ్గది. ఆ నంబర్ ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైట్లో కొడితే పెండింగ్ రీకాల్ ఉందో లేదో ఉచితంగా తెలుస్తుంది. దీనికి ఏమీ లేవు, బాగానే ఉంది.

ఆఖరిగా ఒక్క కాగితం అడిగాను. తొలి సీ8లకు 7,500 మైళ్ల దగ్గర గేర్‌బాక్స్ ఫిల్టర్ మార్చాలి. కొత్త గేర్‌బాక్స్‌లో అరుగుదల పొడి మొదట్లోనే ఎక్కువగా వస్తుంది, అది ఫిల్టర్‌లో చేరుతుంది. షెవర్లే డీలర్లు దీన్ని ఉచితంగానే చేసేవారు, అయినా కొందరు ఓనర్లు బద్ధకించారు. అమ్మేవాడు లోపలికెళ్లి పది నిమిషాలు వెతికి, ఇంజిన్ ఆయిల్ మార్చిన రసీదులు మూడు తెచ్చాడు. ఫిల్టర్ కాగితం మాత్రం లేదు. "చేసే ఉంటారు సార్" అన్నాడు.

తిరిగొస్తూ దారిలో బిర్యానీ తిన్నాం. మావాడు పెద్దగా మాట్లాడలేదు. నిన్న రాత్రి మళ్లీ మెసేజ్ పెట్టాడు: 2019 గ్రాండ్ స్పోర్ట్, మాన్యువల్, నల్ల కారు, ఒకే ఓనరు, సర్వీస్ కాగితాలన్నీ ఉన్నాయట. మా మరదలికి మాన్యువల్ నడపడం రాదు. ఆ పంచాయితీలో మాత్రం నేను వేలు పెట్టనని చెప్పేశాను.